బర్డ్ ఫ్లూ షెడ్డు గడప దాటకుండా: ఫారంలో జీవాలనూ పనివాళ్లనూ కాపాడుకోవడం ఎలా?

బర్డ్ ఫ్లూ అనగానే చాలామంది ఆకాశం వైపు చూస్తారు. వలస పక్షులు తెచ్చే రోగానికి మనం చేయగలిగేది ఏముంది అంటారు. వైరస్‌ను దూరాల నుంచి మోసుకొచ్చేది అడవి బాతులూ నీటి పక్షులే, అందులో సందేహం లేదు. కానీ బయట పడిన రెట్టను షెడ్డు లోపలి కోడి దాకా చేర్చేది మాత్రం చాలాసార్లు మనమే. ఒకసారి మీ పని బూటు తిరగేసి చూడండి. అడుగున గాడుల్లో ఎండిన బురద, అందులో ఇరుక్కున్న రెండు ఊక పొట్లు, ఎక్కడో తొక్కిన రెట్ట తాలూకు తెల్లటి చార కనిపిస్తాయి. రోగం ఉన్న పక్షి రెట్ట అయితే ఆ గోరంత మురికి చాలు, షెడ్డంతా ఖాళీ కావడానికి. అందుకే మనం ఆకాశాన్ని వదిలేసి బూటు దగ్గర మొదలుపెడదాం.

ముందు ఒక గీత గీయండి

షెడ్డు గుమ్మం లోపల, నేల మీద రంగుతో ఒక గీత గీయండి. వీలైతే గీత మీద అడ్డంగా మోకాలెత్తు బల్ల వేయండి. బల్లకు ఇవతల బయటి లోకం, అవతల కోళ్ల లోకం. బయట తిరిగిన చెప్పు అవతలికి పోకూడదు, లోపలి బూటు ఇవతలికి రాకూడదు. మొత్తం జాగ్రత్తల్లో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

పద్ధతి ఇలా ఉంటుంది. బయటి వైపు బల్ల మీద కూర్చుని చెప్పులు విడవండి. కాళ్లు నేలకు తాకకుండా బల్ల మీదుగా అవతలికి తిప్పి, అక్కడే ఉన్న షెడ్డు బూట్లలోకి నేరుగా దించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, లేదా శానిటైజర్ రాసుకోండి. లోపలి వైపు కొక్కేనికి ఉన్న పని దుస్తులు తొడుక్కోండి. బయటికి వచ్చేటప్పుడు ఇదే తిరగేసి చేయాలి. మొదటి రోజు ఐదు నిమిషాలు పడుతుంది, వారం తిరిగేసరికి ఒక నిమిషం కూడా పట్టదు. రెండు మూడు షెడ్లుంటే ఒక్కో షెడ్డుకు ఒక్కో రంగు బూట్లు పెట్టండి. నీలం బూటు ఎర్ర షెడ్డులో కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే తప్పు జరిగిందని అందరికీ తెలుస్తుంది.

చాలా ఫారాల్లో గుమ్మం ముందు ఫుట్ డిప్ (బూట్లు ముంచే క్రిమిసంహారక మందు తొట్టి) పెట్టి, దాన్నే నమ్ముకుంటారు. అందులోకి ఒకసారి తొంగి చూడండి. పొద్దున తేటగా కలిపిన మందు మధ్యాహ్నానికి టీ రంగులోకి తిరిగి ఉంటుంది, పైన ఈకలు తేలుతుంటాయి, అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. మురికి కలిసిన మందు పనిచేయదు. రెట్ట, బురద క్రిమిసంహారక మందు బలాన్ని ముందే తినేస్తాయి. పైగా చాలా మందులకు లేబుల్ మీద కొన్ని నిమిషాల సమయం రాసి ఉంటుంది, అన్ని నిమిషాలు అందులో నిలబడేవాళ్లు ఉండరు. బూట్లు మార్చడానికి వీలే లేనిచోట ఫుట్ డిప్ పెట్టండి. అప్పుడు కూడా పక్కన బ్రష్షు, సబ్బు నీళ్లు ఉండాలి. ముందు అడుగు గాడుల్లోని మురికి రుద్ది కడిగి, ఆ తర్వాతే ముంచాలి. మందును రోజుకోసారి, లేదా మురికి పడిన వెంటనే మార్చాలి. ఎండకీ వానకీ దాని బలం తగ్గుతుంది కాబట్టి మూత పెట్టండి.

ఈ వైరస్ చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటుంది. మామూలు సబ్బే ఆ పొరను చీల్చేస్తుంది. కాబట్టి ఖరీదైన మందు లేదని దిగులు పడకండి. సబ్బు, బ్రష్షు, ఎండ, ఆరబెట్టడం, వీటితోనే చాలా పని అవుతుంది. దానికి నచ్చేవి చల్లదనం, తడి. చల్లటి నీళ్లలో, తడి రెట్టలో వారాల తరబడి బతికే ఉంటుంది. చలికాలంలో రోగం ఎక్కువగా చెలరేగడానికి వలస పక్షులతో పాటు ఇదీ ఒక కారణం.

బయటివి బయటే ఆపండి

అడవి పక్షులు షెడ్డు దగ్గరికి ఎందుకు వస్తాయి? గింజల కోసం, నీళ్ల కోసం. దాణా దించేచోట చిందిన గింజలు ఆ రోజే ఊడ్చేయండి. నీళ్లు నిలిచే గుంటలు పూడ్చండి. వల చిరిగినచోట వెంటనే కుట్టండి, ఎందుకంటే పిచ్చుక దూరడానికి రెండు వేళ్ల సందు చాలు. చెరువు నీళ్లనో కాలువ నీళ్లనో శుద్ధి చేయకుండా డ్రింకర్లలోకి వదలడం పెద్ద పొరపాటు. ఆ నీళ్లలో బాతులు దిగి ఉంటే, అవి వదిలిన వైరస్‌ను మీరే పైపుల్లో పెట్టి ప్రతి కోడికీ అందించినట్టు అవుతుంది. క్లోరిన్ కలిపిన నీళ్లే ఇవ్వండి.

కోళ్లతో కలిపి బాతుల్ని పెంచకండి. బాతు ఒంట్లో వైరస్ ఉన్నా చాలాసార్లు హాయిగా ఈదుతూ, తింటూ తిరుగుతుంది. చూసేవాళ్లకు ఏ అనుమానమూ రాదు. పక్కనున్న కోళ్లు మాత్రం రోజుల్లో రాలిపోతాయి. పందుల్ని కూడా దూరంగానే ఉంచాలి. మనిషి ఫ్లూ, పక్షి ఫ్లూ రెండూ పంది ఒంట్లో కలుసుకోగలవు. అలా కలిసి కొత్త రకం పుట్టుకొస్తే ఆ ముప్పు ఒక్క ఫారంతో ఆగదు.

ఇక మనుషులు, బండ్లు. దాణా లారీ, గుడ్ల బండి, కోళ్లు పట్టే ముఠా, టీకాలు వేసేవాళ్లు, మందుల ఏజెంటు, వీళ్లంతా మీ దగ్గరికి రాకముందు ఇంకో ఫారంలో ఉండి వచ్చినవాళ్లే. బండిని గేటు బయటే ఆపించండి. లోపలికి రాక తప్పకపోతే చక్రాలూ, చక్రాల పైన ఉండే మడ్‌గార్డులూ కడిగించి మందు కొట్టించండి. డ్రైవరు కిందికి దిగకుండా ఉంటే మరీ మంచిది. అట్ట ట్రేలు ఒకసారి బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వద్దు. ప్లాస్టిక్ ట్రేలు కడిగి, మందులో ముంచి, ఆరాకే వాడాలి. ఎవరు ఏ రోజు వచ్చారు, అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చారు అన్నది గేటు దగ్గర పుస్తకంలో రాయించండి. రేపు ఏదైనా జరిగితే రోగం ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోయిందో తెలుసుకోవడానికి ఆ పుస్తకం చాలా విలువైనది.

పనివాళ్లు ఇంటి దగ్గర కోళ్లు పెంచుకుంటుంటే ఆ విషయం మీకు తెలిసి ఉండాలి. అరిచి, బెదిరించి అడిగితే దాచేస్తారు. ఎందుకు ప్రమాదమో కూర్చుని చెప్పండి, మానుకున్నందుకు వాళ్లకు కలిగే నష్టం ఎలా పూడుస్తారో కూడా చెప్పండి.

రోజూ చూసే కన్ను

షెడ్డులో అడుగుపెట్టగానే వినిపించే సందడి మీకు బాగా అలవాటు. అది తగ్గిందంటే ఆగి చూడాలి. జబ్బు మొదలైన మందలో తరచూ ముందుగా కనిపించేది నిశ్శబ్దమే, దాంతోపాటే నీళ్లు, మేత తగ్గడం. అందుకే ఎంత నీళ్లు తాగాయి, ఎంత దాణా తిన్నాయి, ఎన్ని గుడ్లు పెట్టాయి, ఎన్ని చనిపోయాయి అన్న నాలుగు అంకెలూ రోజూ గోడ మీది చార్టులో రాయండి. మనసుకు తోచిన లెక్క మోసం చేస్తుంది. చార్టు మోసం చేయదు.

తర్వాత కనిపించే గుర్తులు ఇవి: తురాయి, గడ్డం కింది తోలు వాచి నీలంగా మారడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, కళ్ల చుట్టూ వాపు, తుమ్ములు, ఆకుపచ్చ విరేచనాలు, మెడ మెలి తిరగడం, తోలు గుడ్లు. ఒక్కోసారి ఇవేవీ లేకుండా రాత్రి బాగున్న కోళ్లు తెల్లారేసరికి గుట్టలుగా పడి ఉంటాయి.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ గుర్తుల్లో సగానికి సగం కోళ్లకు వచ్చే ఇంకో వైరస్ రోగం, కొక్కెర తెగులులోనూ (రాణిఖేత్) ఉంటాయి. ‘టీకా సరిగ్గా పడలేదేమో, రెండు రోజులు మందులేసి చూద్దాం’ అనుకుంటారు. ఆ రెండు రోజుల్లోనే వైరస్ పక్క షెడ్డుకు చేరుతుంది. కంటితో చూసి ఈ రెంటినీ విడదీయడం అనుభవం ఉన్న డాక్టరుకు కూడా సాధ్యం కాదు. నమూనా తీసి ల్యాబ్‌లో పరీక్ష చేస్తేనే తేలుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు కూడా.

అనుమానం వచ్చిన మొదటి గంట

ఉన్నచోటే ఆగండి. షెడ్డులో ఉన్నవాళ్లు ఇంకో షెడ్డులోకి పోకూడదు. గేటు మూయించి, లోపలికి రావడం, బయటికి పోవడం ఆపేయండి. పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. ఆయన నంబరు వెతుక్కోవాల్సిన పరిస్థితి ఉండకూడదు, ఇవాళే తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అధికారులు వచ్చేదాకా కోళ్లు, గుడ్లు, ట్రేలు, దాణా, ఎరువు ఏదీ కదలకూడదు. చనిపోయిన కోడిని కోసి చూడకండి. కోస్తే వైరస్‌తో నిండిన నెత్తురూ నీరూ మీ ముఖం మీదికే చిందుతాయి. ఆ కోళ్లను కాలువలోనో పొదల్లోనో పారేయకండి. కుక్కలు, కాకులు ముట్టకుండా మూత ఉన్న డ్రమ్ములో ఉంచండి.

ఈ గంటలో మనసు ఎటు లాగుతుందో నాకు తెలుసు. కొన్ని కోళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి, అప్పు నెత్తి మీద ఉంది, ఫోన్ చేస్తే మొత్తం పోతుంది, ఈ రాత్రికి అమ్మేస్తే ఎంతో కొంత దక్కుతుంది. ఈ ఆలోచన రావడంలో తప్పేం లేదు. దాని ప్రకారం నడిస్తేనే ఆపద. నిలబడి ఉన్న ఆ కోళ్లలోనూ వైరస్ ఉండే ఉంటుంది. అవి ఎక్కిన బండి, వాటిని పట్టినవాళ్ల చేతులు, దింపిన మార్కెట్, కోసినవాళ్ల కళ్లూ ముక్కూ, అన్నీ దాని దారిలోకి వస్తాయి. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకి, వాళ్లలో 6 మంది చనిపోయారు. ప్రాణమున్న కోళ్లు అమ్మే మార్కెట్ల నుంచే అది మనుషులకు చేరిందని తేలింది. నష్టపరిహారం ఇచ్చే చోట్ల కూడా ముందుగా చెప్పినవాళ్లకే అది సజావుగా అందుతుంది. అడగాల్సింది అధికారిని అడగండి, రాతపూర్వకంగా తీసుకోండి.

పనివాళ్ల ఒంటికి రక్షణ

2003 నుంచి ప్రపంచవ్యాప్తంగా 900కు పైగా మనుషుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. వాళ్లలో దాదాపు సగం మంది బతకలేదు. ఈ మధ్య కొన్ని దేశాల్లో పనివాళ్లకు వచ్చిన జబ్బు చాలావరకు తేలిగ్గానే తగ్గింది, కానీ ఎవరికి తేలిగ్గా పోతుందో, ఎవరికి ముదురుతుందో ముందే చెప్పలేం. మనిషి నుంచి మనిషికి ఇది సులువుగా అంటుకోదు. అది అలాగే ఉండాలంటే పక్షి నుంచి మనిషికి అంటుకోకుండా చూడాలి.

రోగం ఉన్న, లేదా ఉందని అనుమానం ఉన్న జీవాల దగ్గరికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఇవి కావాలి: ఒళ్లంతా కప్పే సూటు, తలకు టోపీ, గ్లోవ్స్, గంబూట్లు, ఎన్95 మాస్కు, కళ్లకు పక్కల నుంచి కూడా మూసి ఉండే గాగుల్స్. కళ్లజోడు చాలదు. వైరస్ కంటి నుంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి. గుబురు గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి లోపలికి పోతుంది, అలాంటి మాస్కు ఉన్నా లేనట్టే.

ఇక్కడ యజమానులు బాగా ఆలోచించాల్సిన సంగతి వేడి. 2024 జులైలో అమెరికాలోని కొలరాడోలో జబ్బు పడ్డ కోళ్లను చంపే పనిలో ఉన్న 9 మందికి వైరస్ సోకింది. షెడ్డులో వేడి 40 డిగ్రీలు దాటింది, పెద్ద ఫ్యాన్లు ఈకలనూ దుమ్మునూ ముఖం మీదికి ఎగరగొట్టాయి, చెమటకు మాస్కులూ గాగుల్సూ జారిపోయాయి. వాళ్లకు సామాను ఇచ్చారు, కానీ ఆ వేడిలో దాన్ని ఒంటి మీద నిలుపుకోవడం వాళ్ల వల్ల కాలేదు. కాబట్టి పనిని తెల్లవారుజామున పెట్టండి. చిన్న చిన్న విడతలుగా చేయించండి. సామాను శుభ్రంగా విప్పి, చేతులు కడుక్కుని, నీడలో నీళ్లు తాగడానికి గీత బయట చోటు పెట్టండి. విరామం తీసుకున్నవాళ్లకు కూలి కోయకండి. కూలి కోస్తారన్న భయం ఉన్నవాడు చెమట తుడుచుకోవడానికి లోపలే మాస్కు తీస్తాడు.

తొడుక్కోవడం కంటే విప్పడమే కష్టం, జాగ్రత్త అవసరం కూడా అప్పుడే. అప్పటికి ఒళ్లంతా వైరస్ దుమ్మే ఉంటుంది. మొదట బూట్లు రుద్ది కడగాలి. తర్వాత సూటును లోపలి వైపు బయటికి వచ్చేలా, నెమ్మదిగా, దులపకుండా కిందికి చుట్టుకుంటూ విప్పాలి, బూట్లు కూడా అక్కడే వదలాలి. గ్లోవ్స్‌ను బయటి వైపు తాకకుండా, ఒకదానిలో ఇంకోటి చుట్టి తీసేయాలి. చేతులు కడుక్కోవాలి. అప్పుడు గాగుల్స్‌ను వెనక పట్టీ పట్టుకుని తీయాలి. మాస్కు అన్నిటికంటే ఆఖర్న, అది కూడా పట్టీ పట్టుకునే. మళ్లీ చేతులు కడుక్కోవాలి. చాలామంది ఉక్క తట్టుకోలేక బయటికి రాగానే ముందు మాస్కు పీకేస్తారు, అదే పెద్ద తప్పు. ఇద్దరిద్దరుగా నిలబడి, ఒకరు విప్పుతుంటే ఇంకొకరు చూస్తూ వరస చెప్పేలా అలవాటు చేయండి. ఆ తర్వాత అక్కడే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఇంటికి వెళ్లాలి. పని బట్టలు ఇంటికి పోకూడదు.

షెడ్డు ఖాళీ అయ్యాక శుభ్రం చేసేటప్పుడూ ఇదే సామాను కావాలి. పొడి రెట్టను చీపురుతో ఊడ్చి దుమ్ము రేపకండి, ముందు నీళ్లు చల్లి తడపండి. ఎరువు, దుమ్ము, సాలెగూళ్లు పూర్తిగా తీసి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు మందు కొట్టాలి. కొత్త పిల్లల్ని ఎప్పుడు దించవచ్చో పశువైద్యాధికారి చెప్పేదాకా తొందరపడకండి.

పాడి పశువులు ఉంటే

2024 మార్చి దాకా పాడి ఆవులకు ఈ రోగం వస్తుందని ఎవరూ పెద్దగా అనుకోలేదు. ఆ నెల అమెరికాలో టెక్సస్, కాన్సస్ రాష్ట్రాల పాడి మందల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆవుల్లో అది పొదుగులో చేరుతుంది. మేత తగ్గుతుంది, నెమరు తగ్గుతుంది, పాలు హఠాత్తుగా పడిపోతాయి, వచ్చే పాలు జున్నుపాలలా చిక్కగా, పసుపుగా ఉంటాయి. చాలా ఆవులు కోలుకుంటాయి, కానీ ఆ రోజుల్లో వాటి పచ్చి పాలలో వైరస్ అపారంగా ఉంటుంది. ఆ ఫారాల్లో ఒకచోట పచ్చి పాలు తాగిన పిల్లుల్లో సగానికి పైగా చనిపోయాయి.

పాలు తగ్గిన ఆవును వేరు చేసి, అన్నిటికంటే ఆఖర్న పితకండి. పాలు పితికే యంత్రం కప్పులను ఆవు ఆవుకూ మధ్య కడిగి మందు పెట్టాలి, ఎందుకంటే ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు వైరస్ పోయే ముఖ్యమైన దారి అదే. పితికేవాళ్ల ముఖం పొదుగు ఎత్తులోనే ఉంటుంది. కప్పు జారినా, ఆవు కాలు విసిరినా పాల తుంపర నేరుగా కంట్లో పడుతుంది. 2024లో టెక్సస్‌లో జబ్బు పడ్డ పాడి పనివాడికి కనిపించిన లక్షణం కళ్లు ఎర్రబడటం ఒక్కటే. కాబట్టి ఇక్కడ గాగుల్స్‌కు అన్నిటికంటే ముందు చోటివ్వండి, గ్లోవ్ వేసిన చేత్తో కన్ను తుడుచుకోవద్దని పదేపదే చెప్పండి. పాలు పితికే చోటును బలమైన పైపు ధారతో కడిగితే తుంపర లేస్తుంది, ధార తగ్గించండి.

రోగం ఉన్న ఆవు పాలు దూడకూ, పిల్లికీ, కుక్కకూ పోయకండి. పారబోసే ముందు వేడి చేయండి. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచే పాశ్చరైజేషన్ ఈ వైరస్‌ను చంపుతుంది. కొత్తగా కొన్న పశువును 30 రోజులు మందకు దూరంగా కట్టేయండి. మాంసం, గుడ్లు లోపలి దాకా 70 డిగ్రీలు దాటేలా ఉడికితే వాటిలోనూ వైరస్ మిగలదు.

ఆ తర్వాతి 10 రోజులు

జబ్బు జీవాల దగ్గర పనిచేసిన ప్రతి ఒక్కరినీ చివరిసారి వాటి దగ్గరికి వెళ్లిన రోజు నుంచి 10 రోజులు గమనించాలి. రోజూ జ్వరం చూడండి. కళ్లు ఎర్రబడటం, దురద, దగ్గు, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మనిషి ఇంట్లో విడిగా ఉండి వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ‘దుమ్ము పడి కన్ను ఎర్రబడింది’ అని వదిలేయకూడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాస్కు పెట్టుకుని, గుమ్మంలోనే ‘నేను బర్డ్ ఫ్లూ వచ్చిన ఫారంలో పనిచేశాను’ అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డాక్టరు మామూలు జలుబు అనుకునే ప్రమాదం ఉంది. ఫ్లూ వైరస్ మీద పనిచేసే ఒసెల్టామివిర్ అనే మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

ఏటా వేసే మామూలు ఫ్లూ టీకా పనివాళ్లందరికీ వేయించండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు, కానీ ఒకే మనిషి ఒంట్లో రెండు రకాల ఫ్లూలు ఒకేసారి చేరే అవకాశాన్ని తగ్గిస్తుంది. జలుబు, జ్వరం ఉన్నవాళ్లను కోళ్ల దగ్గరికీ పందుల దగ్గరికీ పంపకండి.

వీటన్నిటికీ ముందు మీ పనివాళ్లతో ఒక మాట స్పష్టంగా అనండి: ‘జ్వరం వచ్చిందని చెబితే నీ కూలి పోదు, నీ పని పోదు, ఆసుపత్రి ఖర్చు నాది.’ జీతం కోసం జ్వరాన్ని మింగి పనిలోకి వచ్చినవాడు తప్పు చేశాడని నేను అనుకోను. అతనికి ఆ మాట చెప్పనివాళ్లదే తప్పు. రోగం రాకముందే, అందరూ ఉన్నప్పుడు, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఆ మాట అనండి. పశువైద్యాధికారి నంబరు కింద డాక్టరు నంబరు, దాని కింద మీ నంబరు రాసి పెట్టండి.